రెండున్నర కిలోలు

నలభై ఆరేళ్లు కాటాలు బాగుచేశాను. కొట్లలో కాటాలు, బస్తాల కాటాలు, ఆస్పత్రిలో మనుషుల్ని నిలబెట్టే కాటాలు, కొక్కేనికి వేలాడే గడియారం కాటాలు. ఎక్కడ ముల్లు వంకరపోయినా నాకు కబురొచ్చేది. ఆ పనిలో నోటితో అవసరం తక్కువ. ముల్లు చెప్తుంది, మనిషి చూస్తాడు, అంతే. అదే అలవాటై ఇంట్లో కూడా మాట్లాడటం తగ్గిపోయింది. "ఈయనకి రోజుకి పది మాటలు రేషను. అందులో తొమ్మిది ఊఁ కొట్టడానికే పోతాయి" అంటుంది మా ఆవిడ.

అలాంటివాణ్ణి, ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరూ అడక్కుండానే నోరు తెరిచాను. నా శని అక్కడ మొదలైంది.

ఆ రోజు మా అమ్మాయీ, దాని కూతురూ మా వరండాలో కూర్చుని పోట్లాడుకుంటున్నారు. మనవరాలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. చుక్క రక్తాన్ని పది గాజుగొట్టాల్లోకి పంచే పిల్ల. దానికి సైకిలు పిచ్చి. సామానంతా సైకిలుకే కట్టుకుని, మట్టి దారుల్లో, అడవి దారుల్లో రోజుల తరబడి తిరిగొస్తుంది. బైక్‌ప్యాకింగ్ అంటారట దాన్ని. మూడు రోజుల దారి ఒకటి ఏడాది నుంచీ అనుకుంటోంది. మొదటి రోజు కాలవ గట్టు, రెండో రోజు డ్యాము పక్క మెట్లు, మూడో రోజు ఒక గుట్ట. ఆ గుట్ట నెత్తిన నిలబడితే రెండు వైపులా రెండు లోయలు కనపడతాయట. ఆ లోయల కోసం సెలవు పెట్టుకుంది. తీరా వెంట వస్తానన్న స్నేహితురాలు బాత్రూములో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"ఒక్కదానివీ వెళ్లడానికి వీల్లేదు. మన ఇంట్లోవాళ్లు ఎవరైనా తోడొస్తే వెళ్లు, లేకపోతే మానెయ్" అంది మా అమ్మాయి.

"ఎవరొస్తారమ్మా? నువ్వొస్తావా?"

"నాకు సైకిలు రాదని తెలుసు కదే."

"తెలుసు కాబట్టే పిలుస్తున్నా."

"నేనొస్తా" అన్నాను.

గుమ్మంలో బియ్యం ఏరుతున్న మా ఆవిడతో సహా ముగ్గురూ నా వైపు తిరిగారు. గోడకి మాటలొచ్చినట్టు చూశారు.

"ఎవరు?" అంది మా ఆవిడ.

"నేనే."

"ఏమయ్యా, నీకు అరవై తొమ్మిది. మెట్టెక్కితే నీ మోకాళ్ల చప్పుడు వంటింట్లోకి వినపడుతుంది."

"పెట్టెలో ఇరవై కిలోల తూకం రాళ్లేసుకుని ఊరంతా తొక్కినవాణ్ణి" అన్నాను. అబద్ధం కాదు. కాకపోతే ఆఖరిసారి తొక్కి తొమ్మిదేళ్లయింది. ఆ ముక్క మాత్రం మింగేశాను.

మా అమ్మాయి మాత్రం "నాన్న వెంట ఉంటే సరే" అంది. మనవరాలు ఎగిరి గంతేస్తుందనుకున్నాను. అది నన్ను కాళ్ల నుంచి నెత్తి దాకా, చెడిపోయిన శాంపిలుని చూసినట్టు చూసింది.

"తాతయ్యా, ఒక్క షరతు. రెండో రోజు డ్యాము దగ్గర రెండువందల పన్నెండు మెట్లున్నాయి. సైకిలు భుజాన వేసుకుని ఎక్కాలి. పైన గేటు పదకొండింటికి తీస్తారు, పన్నెండింటికి వేసేస్తారు. ఎవరి బరువు వాళ్లే మొయ్యాలి. సైకిలూ, సామానూ, నీళ్లూ అన్నీ కలిపి పద్దెనిమిది కిలోలు. అది దాటితే నువ్వెక్కలేవు, నీది నేను మొయ్యలేను, గేటు పడిపోతుంది. ఇక నా గుట్టా లేదు, ఏమీ లేదు. వెనక్కి రావడమే."

"ఊఁ."

"ఊఁ కాదు. ఎంత?"

"పద్దెనిమిది."

నాకు తూకం నేర్పుతోందీ పిల్ల అని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంత తేలికైనదో తర్వాత తెలిసింది.

మర్నాడు సైకిలు కోసం మా వీధి చివర మెకానిక్ దగ్గరికి వెళ్లాను. అతను ఒక పాత సైకిలు దించి చూపించాడు. అల్యూమినియం ఫ్రేము, బూడిద రంగు.

"వేలితో ఎత్తు బాబాయ్."

ఎత్తాను. నిజంగానే వేలికి వచ్చేసింది. పదకొండు కిలోలు ఉండొచ్చు, ఒక వంద గ్రాములు అటూ ఇటూ.

"ఇది సైకిలా, గాలిపటమా?" అన్నాను.

"ఈ పనికి ఇదే కావాలి. నీ మనవరాలు కూడా ఇలాంటిదే ఇమ్మని చెప్పింది."

నా చూపు అప్పటికే వెనక గోడకి వేలాడుతున్న ఇంకో ఫ్రేము మీద పడింది. లావు గొట్టాలు, ఇనుము. వేలితో కొడితే గంటలా మోగింది. నా వయసువాళ్లకి బరువున్నదే గట్టిది. పెళ్లిచూపులక్కూడా అలాగే చూసుకున్నాం.

"ఇది బిగించు."

"బాబాయ్, అది ఎవరూ కొనక అలా వేలాడుతోంది. బరువు..."

"తూకం గురించి నాకు చెప్పకు."

అతను తల గోక్కున్నాడు. "సరే. టైర్ల విషయంలోనైనా నా మాట విను. వెడల్పువి వేస్తాను, గాలి కొంచెం తక్కువ పెట్టుకో, మట్టిలో కూరుకుపోవు. ముందు పళ్ల చక్రం చిన్నది వేస్తాను, ఎత్తు మీద కాళ్లు పట్టెయ్యవు." ఆ రెండింటికీ తల ఊపాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ సైకిల్లో పనికొచ్చినవి ఆ రెండే.

బిగించాక అది పద్నాలుగు కిలోల రెండు వందలు. పద్దెనిమిదిలో పద్నాలుగు పోతే నాలుగు మిగుల్తాయని మూడో తరగతి దాకా చదివినా చాలు, తెలుస్తుంది. నేను మూడో తరగతి దాకా చదివాను.

సామాను లిస్టు మనవరాలు రాసిచ్చింది. వెనక స్టాండు ఉండకూడదట, అదే ఒక కిలో తింటుందట. మూడు సంచులు. ఒకటి ఫ్రేము మధ్య ఖాళీలో, బరువైనవన్నీ అందులో. ఒకటి సీటు వెనక, తేలికైనవి. ఒకటి హ్యాండిలు కింద. గుడారం ఇద్దరికీ ఒకటే. దాని కర్రలు దాని సైకిలుకి, గుడ్డ నా సైకిలుకి. పడుకునే సంచి ఎనిమిది వందల గ్రాములు. వంట గిన్నే, తాగే గ్లాసూ, తినే కంచమూ మూడూ ఒకటే, మూత తిప్పితే కంచం. బట్టలు రెండు జతలు. "ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతికి హ్యాండిలు మీద" అంది.

నేను లిస్టులో లేనివి కొన్ని కలిపాను. ఒక సుత్తి, ఒక పెద్ద పానా, మూడు గజాల గొలుసు, దానికి తాళం. గుడారం మేకులు రాయితో కొట్టుకోవచ్చని లిస్టులోనే రాసి ఉంది. అయినా సుత్తి లేకుండా ఇల్లు దాటితే చొక్కా లేకుండా దాటినట్టుంటుంది నాకు. మా ఆవిడ తన వంతుగా వేయించిన పల్లీల డబ్బా పెట్టింది. డబ్బా రేకుది.

ఇక్కడ మా గడియారం కాటా గురించి చెప్పాలి. మా వరండా దూలానికి వేలాడుతుంది. గుండ్రటి ముఖం, కింద కొక్కెం. వీధిలో ఎవరికి ఏ తూకం కావాలన్నా అక్కడికే వస్తారు. పక్కింటి కోడలు నెలనెలా పసిపాపని గుడ్డ ఉయ్యాల్లో వేసి దానికే తగిలిస్తుంది. "కాటా తాత కాటా" అంటే ఇక మాట లేదు.

దానికి నా సైకిలు తగిలించాను, సంచులతో సహా. ఇరవై కిలోల ఎనిమిది వందల నలభై.

నాలుగు రోజుల టైముంది. తగ్గించడం మొదలెట్టాను. పళ్లు తోముకునే బ్రష్షు సగానికి కోశాను, తొమ్మిది గ్రాములు. సంచుల పట్టీల కొసలు కత్తిరించాను. బట్టల మీద కంపెనీ చీటీలు ఊడదీశాను. సబ్బుని నాలుగు ముక్కలు చేసి ఒకటే పెట్టుకున్నాను. దువ్వెనలో పళ్లు ఒక వైపు విరిచేశాను, తల మీద జుట్టు కూడా ఒక వైపే ఉంది కాబట్టి. ఒక్కొక్కటీ చిన్న కాటా మీద పెట్టి తూచుకుంటుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"అన్నీ బాగానే కోస్తున్నావు. మరి ఆ పొట్ట ఏ కాటాకి వేలాడదీస్తావు?"

దువ్వెనని ఇంకోసారి తూచాను. మూడు రోజులు కోసి కోసి మూడు వందల నలభై గ్రాములు తగ్గించాను. ఇరవైన్నర. ఇంకా రెండున్నర కిలోలు ఎక్కువే. సుత్తి కూడా సంచిలోనే ఉంది.

దారి లేక కాదు. వీధి చివరిదాకా నడిచి, మెకానిక్‌తో "నువ్వు చెప్పిందే నిజం" అంటే చాలు, ఆ బూడిద రంగుది ఇచ్చేసేవాడు. మూడు మాటలు. ఆ మూడు మాటలకి నా నోరు పెగల్లేదు. వెళ్లకుండా ఇంకేం చేశానో అది చెప్పడానికి సిగ్గేస్తుంది, అయినా చెప్తాను.

గడియారం కాటాలో సున్నా దగ్గర చిన్న మేకు ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు దాని మీద ఆనుకుని నిలబడుతుంది. లోపలి మర తిప్పి ముల్లుని రెండున్నర కిలోలు వెనక్కి లాగితే, మేకు అడ్డం ఉంటుంది కాబట్టి ముల్లు వెనక్కి పోలేదు. సున్నా దగ్గరే బుద్ధిమంతుడిలా నిలబడుతుంది. బరువు తగిలిస్తేనే రెండున్నర కిలోలు మింగేస్తుంది. నా పనిలో ఇలాంటి దొంగ కాటాలు ఎన్ని పట్టుకున్నానో. కొట్టువాళ్లని బజార్లో నిలబెట్టి, నా పది మాటల రేషనూ వాళ్ల మీదే ఖర్చుపెట్టేవాణ్ణి. మా ఆవిడ నిద్రపోతున్నప్పుడు స్టూలెక్కి ఆ మర నేనే తిప్పాను. కంచే చేను మేసింది. మేయడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు, చెయ్యి తిరిగినవాణ్ణి కదా.

సాయంత్రం మనవరాలు తన సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. ముందు నాది తగిలించింది. ముల్లు వెళ్లి సరిగ్గా పద్దెనిమిది మీద నిలబడింది.

"తాతయ్యా!" అని అరిచి నా మెడ పట్టుకుని ఊపేసింది. "అంత ఇనుము పెట్టుకుని ఎలా తగ్గించావు?"

"బ్రష్షు కోశాను" అన్నాను.

తర్వాత తనది తగిలించింది. పదిహేను. జేబులోంచి కాగితం తీసి చూసుకుంది. "నేను కూడితే పదిహేడున్నర వచ్చిందే. సైకిలు కంపెనీవాళ్లు ఎక్కువ రాసినట్టున్నారు" అంది. కాగితం మడిచి జేబులో పెట్టేసుకుంది. "తాతయ్య కాటా కంటే కాగితం ఎక్కువా?"

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచే ముందే అది గేటు దాటి ఇంటికి పరిగెత్తింది. పది నిమిషాల్లో చేతుల నిండా సామానుతో వచ్చింది.

"ఇవన్నీ నీకే. బరువని ఇంట్లో వదిలేశాను. ఇప్పుడు రెండున్నర కిలోలు ఖాళీ ఉందిగా!" అంటూ ఒక్కొక్కటీ తన సంచుల్లో కుక్కింది. మడత స్టూలు, నేల మీద కూర్చుంటే నేను లేవలేనని. లావు పరుపు, నా నడుముకి. వేడినీళ్ల ఫ్లాస్కు. మోకాళ్ల నూనె సీసా.

చూస్తూనే తెలిసిపోయింది. స్టూలు తొమ్మిది వందలు, పరుపు ఏడు వందలు, ఫ్లాస్కు ఆరు వందలు, నూనె మూడు వందలు. రెండున్నర కిలోలు, గ్రాము తేడా లేదు. నేను దాచిన బరువంతా ఆ పిల్ల నెత్తికెత్తుకుంది, అదీ నా కోసమే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మాటకారి ఐతే ఏదో ఒకటి వాగి బయటపడేవాడు. నాకు మౌనం అలవాటు, అందరూ దాన్ని పెద్దరికం అనుకుంటారు.

మొదటి రోజు కాలవ గట్టు మీద నలభై కిలోమీటర్లు తొక్కాం. అది ముందు, నేను వెనక. మూడు గంటలు ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. నా కాపురంలో కూడా అంత సుఖంగా ఉన్న రోజులు తక్కువ. కానీ ఆగిన చోటల్లా అది ముందుగా స్టూలు విప్పి, "కూర్చో తాతయ్యా" అనేది. ఫ్లాస్కు తీసేది. "మోకాళ్లకి నూనె రాయనా?" అనేది. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ ఆ స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఎత్తు వచ్చినప్పుడల్లా అది వగరుస్తూ, "ఈ ఏడాది ఏమిటో బరువు తెలుస్తోంది. నాకే వయసైపోతోందేమో" అనేది.

"ఊఁ" అనేవాణ్ణి.

రెండో రోజు పదకొండూ అయిదుకి మెట్ల కిందకి చేరాం. ఇరుకు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒక పక్క డ్యాము గోడ, ఇంకో పక్క రాళ్లు. అది తన సైకిలు భుజాన వేసుకుంది. నేనూ వేసుకున్నాను. ఇరవై మెట్లు మగాడిలా ఎక్కాను. నలభై మెట్లు ముసలాడిలా ఎక్కాను. అరవై మూడో మెట్టు దగ్గర ఫ్రేము నా మెడ మీద కూర్చుని దిగనంది. సైకిలుతో సహా గోడకి ఆనుకుని కూలబడ్డాను.

అది నాకు పదిమెట్లు పైన ఆగింది. దానికీ ఊపిరాడటం లేదు. చెమట గడ్డం మీంచి కారుతోంది.

"తాతయ్యా, లే. పదకొండూ ఇరవై. పద్దెనిమిదేగా, లే."

"పద్దెనిమిది కాదు."

"ఏంటీ?"

"ఇరవైన్నర. కాటా తిప్పాను. నీది కూడా ఇరవై."

అది మాట్లాడలేదు. సైకిలు మెట్ల మీద అడ్డంగా పెట్టి, నా వైపే చూస్తూ కూర్చుంది. అలాంటి మౌనాన్ని మా ఇంట్లోవాళ్లు ఇన్నేళ్లు ఎంత బరువుగా మోశారో నాకప్పుడు తెలిసింది. భరించలేక నేనే మాట్లాడాను. మేకు సంగతి, మర సంగతి, బూడిద రంగు సైకిలు సంగతి, మూడు మాటలు రాని నోటి సంగతి, అన్నీ. జన్మలో అంత వాగలేదు. అన్నిటికీ అది "ఊఁ" అంది.

అలా వాగుతూ వాగుతూ ఆగిపోయాను. ఒక సంగతి గుర్తొచ్చింది. మర మళ్లీ తిప్పకుండానే వచ్చేశాను. కాటా దూలానికే వేలాడుతోంది. వీధంతా వాడుకుంటోంది.

ఫోను తీసి మా ఆవిడకి కొట్టాను.

"ఆ కాటా దించెయ్" అన్నాను.

"దించడం తర్వాత. ఇక్కడ కొంప మునిగింది. పక్కింటి పాప పోయిన నెల ఎనిమిది కిలోలుంది, ఇవాళ అయిదున్నర! వాళ్లమ్మ నా గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. వాళ్లత్త ఆస్పత్రికని ఆటో కోసం పరిగెత్తింది. పాప మాత్రం బూరెల్లాంటి బుగ్గలేసుకుని నవ్వుతోంది, నాకేం అర్థం కావట్లేదు."

"పాపకేం కాలేదు. కాటా దొంగది. నేనే తిప్పాను."

"నువ్వా?"

"నేనే."

"ఇప్పుడు వీళ్లకి ఏమని చెప్పనయ్యా?"

"నేను దొంగనని చెప్పు."

"నేను చెప్తే నమ్మరు. నీ పరువు అలాంటిది మరి. ఉండు, స్పీకర్లో పెడతాను, నువ్వే చెప్పు. గట్టిగా చెప్పు, వీధిలోవాళ్లు కూడా వచ్చారు."

అరవై మూడో మెట్టు మీద నిలబడి అరిచాను. "పాప బాగుంది! కాటా దొంగది! నేనే తిప్పాను!" డ్యాము గోడ ఆ మాటలన్నీ మళ్లీ చెప్పింది, నేనన్నదాని కంటే స్పష్టంగా.

ఫోను పెట్టి చూస్తే మనవరాలు తల మోకాళ్లలో పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఒక్కసారిగా ఆపేసింది.

"నవ్వాను కదా అని సరిపోయిందనుకోకు. నేను నీ కాటాని నమ్మి నా లెక్కని కొట్టేసుకున్నాను."

"ఊఁ" అనబోయి, "అవును" అన్నాను.

"లే. సంచులు ఇక్కడే విప్పుదాం. ముందు సైకిళ్లు, తర్వాత సంచులు. ముప్ఫై అయిదు నిమిషాలుంది."

రెండు విడతలుగా ఎక్కొచ్చని ఇద్దరికీ ముందే తట్టలేదు చూడండి. ఒకరిది కాగితం పిచ్చి, ఒకరిది కాటా పిచ్చి.

సంచులు విప్పాక సైకిలు మెడ మీద కొంచెం మెత్తబడింది. అది ముందు చేరి, నేను చేరేలోపే సంచుల కోసం దిగుతూ ఎదురైంది. నన్ను పైన ఉండమంది. ఉండలేదు. సైకిలు గేటుకి ఆనించి, నేనూ దిగాను. ఇద్దరం మళ్లీ సగం దారిలో కలిశాం. అప్పటికి అది ఆరు సంచుల్లో నాలుగు తగిలించుకుని ఉంది, నేను కిందకి వెళ్లి మిగతా రెండూ తెచ్చాను. గేటు కాపలా ఆయన తాళం చేతిలో పట్టుకుని గడియారం చూస్తున్నాడు. నన్ను చూసి ఆ తాళం పక్కన పెట్టాడు.

"దొంగ కాటా మీదేనా?" అన్నాడు.

"మాదే."

"రండి. రెండు నిమిషాలుంది."

గేటు దాటాం. వెనక తాళం పడింది. గేటు పక్కన కాపలా ఆయన గది నీడలో సంచులన్నీ కుమ్మరించి కూర్చున్నాం. మనవరాలు మ్యాపు విప్పింది. గుట్ట దారి మీద వేలు పెట్టి నా వైపు చూసింది.

"రేపు ఇది ఎక్కగలవా? నిజం చెప్పు. మెట్ల మీద గేటొకటే పోయేది. అక్కడ నువ్వు పడిపోతే నేనేం చెయ్యను?"

ఎక్కగలను అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అలవాటైన మాట.

"ఈ బరువుతో ఎక్కలేను."

అది మ్యాపు మడవడం మొదలెట్టింది. గుట్ట వదిలేసి కింద రోడ్డు పట్టుకుందామనుకుంటోందని అర్థమైంది. ఏడాది నుంచి అనుకున్న గుట్ట. అంచులు సరిచేసుకుంటూ మడుస్తోంది.

"ఆగు. ఈ బరువుతో అన్నాను" అన్నాను. "కాటా లేకపోయినా చెయ్యుంది. చేత్తో చెప్తాను."

"నీ చేతికి మేకు లేదు కదా?"

"లేదు. ఎత్తి చూసుకో."

ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకుని చెప్పాను. సుత్తి, అయిదు వందలు. పానా, ఏడు వందలు. గొలుసూ తాళమూ కలిపి కిలోంబావు. పల్లీలు డబ్బాతో అరకిలో. నేను చెప్పిన ప్రతిదాన్నీ అది కూడా చేతిలో పట్టుకుని చూసింది. ఇంతకు ముందు నేను చెప్తే చూసేది కాదు. చెప్పినవన్నీ పక్కన పెట్టాను. తర్వాత దాని సంచిలోంచి స్టూలు తీశాను, పరుపు తీశాను, ఫ్లాస్కు తీశాను.

"నీ నడుమో?" అంది.

"నేల మీద పడుకుంటుంది."

"కూర్చుంటే లేవలేవు."

"లేపుతావు కదా."

నూనె సీసా కూడా తీస్తుంటే లాక్కుంది. "ఇది ఉండనీ" అంది. ఉండనిచ్చాను. మూడు వందల గ్రాములు.

గుట్టంత సామాను కాపలా ఆయన గది మూలన పెట్టాం. వచ్చే వారం బస్సులో వచ్చి పట్టుకెళ్తానన్నాను. "సుత్తి మాత్రం నేను వాడుకోవచ్చా?" అన్నాడు ఆయన. పల్లీల డబ్బా కూడా ఆయనకే ఇచ్చాం, పల్లీలు మాత్రం కాగితంలో పోసుకుని.

"ఇప్పుడైనా తొక్కగలవా?" అంది మనవరాలు.

"తొక్కలేను. తోసుకుంటూ వస్తాను. నువ్వు తొక్కుకుంటూ వెళ్లు. నాకు కనపడేంత దూరంలో ఉండు, మీ అమ్మకి మాటిచ్చాను. మలుపు దగ్గర ఆగు, నేను చెయ్యూపాక కదులు."

అది మ్యాపు మళ్లీ విప్పింది.

మూడో రోజు పొద్దున్న గుట్ట ఎక్కాం. అంటే అది ఎక్కింది, నేను తోశాను. నేల మీద పడుకున్న నడుము నన్ను అడుగడుక్కీ తిట్టింది. ఎర్రమట్టి, గులకరాళ్లు. వెడల్పు టైర్లు జారకుండా కరుచుకున్నాయి. ఆ మెకానిక్‌ని లోపలే ఒకసారి మెచ్చుకున్నాను, తర్వాత ఊరికే లోపల మెచ్చుకుంటే లాభమేముందని బయటికి కూడా అన్నాను. వినడానికి ఒక తొండ తప్ప ఎవరూ లేరు. ప్రతి మలుపులో అది ఆగేది, నేను చెయ్యూపేవాణ్ణి, మళ్లీ కదిలేది. ఆఖరి మలుపు తర్వాత దారి చదునైంది. గుట్ట నెత్తి మీద దాని సైకిలు పడుకుని ఉంది, అది బండ మీద నిలబడి అటు వైపు లోయని చూస్తోంది. వీపు నా వైపు ఉంది.

అటూ ఇటూ చూశాను. గభాల్న సైకిలెక్కాను. పది గజాలు తొక్కుకుంటూ, మెడ నిటారుగా పెట్టి, గంట కొడుతూ దాని పక్కకి వెళ్లి ఆగాను.

అది తిరిగి చూసింది. నా చెప్పులకి అంటిన ఎర్రమట్టిని చూసింది.

"మొత్తం తోసుకునే వచ్చావు కదా?"

"ఈ పది గజాలు తప్ప" అన్నాను.

బండ మీద పక్కకి జరిగి చోటిచ్చింది.